చెంబుడు మంచినీళ్లు

విశాఖ మల్కాపురంలో బాబాయి ఇంటి వరండా మెట్లెక్కేసరికే ఉప్పు బురద వాసన తగిలింది. పాటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గాక గెడ్డ ఒడ్డున వచ్చే వాసన అది.

"రా బాబూ, మంచి వేళకే వచ్చావు. మొక్కలకి నీళ్లు తీస్తున్నాను" అన్నారు బాబాయి.

ఆయన పోర్టులో డ్రెడ్జర్ మీద మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఓడలు తిరిగే దారిలో పేరుకునే మట్టిని తవ్వి తీయడంలోనే ఉద్యోగమంతా గడిచింది. ఇప్పుడు అలాంటి మట్టినే గాజు తొట్టెలో పెట్టి సాకుతున్నారు. రెండడుగుల ఆ తొట్టె ఆయన చేతిపనే. అద్దాల కొట్లో ముక్కలు కోయించి, సిలికాన్‌తో అతికించి, వారం రోజులు ఆరబెట్టారు. మట్టిని ఒక పక్కకి వాలుగా పోశారు. వాలు మీద నాలుగు తెల్లమడ మొక్కలు, పల్లంలో అరడజను మోలీ చేపలు, పైన ఎల్‌ఈడీ దీపం. ఉప్పునీళ్లు యారాడ తీరం నుంచి క్యాన్లలో వస్తాయి.

బాబాయి వాల్వు తిప్పారు. నీళ్లు గొట్టంలోంచి కింది బకెట్లోకి దిగుతుంటే బురద మెల్లగా బయటపడింది. సాయంత్రం ఆ నీళ్లే మళ్లీ తొట్టెలోకి ఎక్కుతాయి. "మన సముద్రానికి రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. నా తొట్టెకి ఒక్కటే" అన్నారు. నీళ్లు నానిన బురదలో గాలి ఆడదు. అందుకే తెల్లమడ చెట్టు పెన్సిళ్ల లాంటి వేళ్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. పెద్ద మొక్క మొదట్లో అలాంటి వేరొకటి, అగ్గిపుల్లంత, కొత్తగా లేచింది. దాన్ని ఆయన వేలితో తాకకుండా దూరం నుంచే చూపించారు.

పక్కన గిన్నెలో ఒక గింజ తేలుతోంది. చెట్టు నుంచి కోయరు, ఒడ్డుకి కొట్టుకొచ్చినవే ఏరుతారు. తెల్లమడ గింజ చెట్టు మీద ఉండగానే లోపల మొలకెత్తుతుంది. నీట్లో పడ్డాక పైతోలు వదిలి, మడిచిన పచ్చటి పప్పుబద్దలు రెండూ విప్పుకుంటుంది. ఉప్పు బురదలో కాలూనడానికి దొరికే వ్యవధి తక్కువ. అందుకే తల్లి చెట్టు బిడ్డను సగం పెంచి పంపిస్తుంది.

"ఈ ఆకు నాలికతో తాకి చూడు" అన్నారు. ఆకు మీద సన్నటి తెల్లని పలుకులు మెరుస్తున్నాయి. తాకాను. అచ్చమైన ఉప్పు! వేళ్లు వడకట్టగా లోపలికొచ్చిన ఉప్పును తెల్లమడ ఆకుల్లోని గ్రంథులు ఇలా బయటికి తోసేస్తాయి. అడవిలో దాన్ని వాన కడుగుతుంది. ఇక్కడ బాబాయి రెండ్రోజులకోసారి మంచినీళ్లు చిలకరిస్తారు.

తర్వాత చెంబు తెచ్చారు. అద్దం మీద మార్కర్‌తో గీసిన పాటు గీత దాకా నిదానంగా మంచినీళ్లు పోశారు. "ఆవిరయ్యేది నీరే బాబూ, ఉప్పు ఎక్కడికీ పోదు. తగ్గింది కదా అని మళ్లీ సముద్రపు నీళ్లే పోస్తే రోజురోజుకీ ఉప్పెక్కి మొక్కా చేపా రెండూ పోతాయి. మొదటిసారి నేనలాగే చంపుకున్నాను."

ఎండ తగ్గాక మేఘాద్రిగెడ్డ వైపు వెళ్లాం. విశాఖ లోపలి హార్బర్ ఉన్నచోట ఒకప్పుడు పోటునీళ్లు నిండే చిత్తడి. దాన్ని తవ్వి రేవు చేశారు. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ అందులోకి తొలిసారి వచ్చింది. ఆ రేవే ఈ ఊరిని మహానగరం చేసింది, బాబాయికి అన్నం పెట్టింది. ఆ చిత్తడిలో ఇంకా మిగిలిన పచ్చదనం గెడ్డ వెంబడి ఉన్న మడచెట్లే.

ఒడ్డున బురదలో వేలకొద్దీ ఊపిరి వేళ్లు. వాటికి ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని ఉన్నాయి. బాబాయి వంగి, అందినన్ని తీసి సంచిలో వేశారు. కవరు చుట్టుకున్న వేరు నీళ్లు తగ్గినా ఊపిరాడక అలాగే ఉంటుంది.

"ఎగువన గెడ్డ మీది రిజర్వాయర్ ఊరి దాహం తీరుస్తోంది, తీర్చాల్సిందే" అన్నారాయన. "కానీ సముద్రం రోజూ ఉప్పు తెచ్చిపోస్తుంది. గెడ్డ మంచినీళ్లు తేవాలి. మనం దానికి పంపేది మురుగు."

పొద్దున చూసిన చెంబు గుర్తొచ్చింది. ఈ చెట్ల చెంబు గెడ్డే. తీరానికి మడ కావాలంటే మొక్కలు నాటడం ఒక్కటే చాలదు. మురుగు కలవని నీళ్లు గెడ్డలో కొన్నయినా సముద్రం దాకా రావాలి, ఒడ్డు బురదను పూడ్చకుండా వదలాలి. ఒక మనిషి రెండడుగుల తొట్టెకు రోజూ చేసేది, ఊరు ఒక గెడ్డకు చేయలేదా?

తిరిగొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. బకెట్లో నీళ్లు తొట్టెలోకి ఎక్కించాం. పోటు గీతకి కాస్త తక్కువొచ్చాయి. బాబాయి చెంబు నా చేతికిచ్చారు.