దుమ్ములో అచ్చు

మన్ననూరు దాటి ఫర్హాబాద్ గేటు దగ్గర సఫారీ జీపు ఎక్కినప్పుడల్లా నాకు పులి ఫొటో మీదే ధ్యాస. ఈసారీ పులి కనబడలేదు. అడుగుజాడ కనబడింది. మెత్తటి దుమ్ములో నాలుగు వేళ్లు, వెనక వెడల్పాటి మడమ, గోళ్ల గుర్తే లేదు. వెంట ఉన్న చెంచు ట్రాకర్ జీపులోంచే వంగి చూసి, "రాత్రి పోయింది సార్" అన్నాడు. అచ్చు అంచులు ఇంకా రాలలేదు.

ఇంత నల్లమలలో పులిని పట్టిచ్చేది మా పొడుగాటి లెన్సులు కావు, చెట్లకు కట్టిన కెమెరా ట్రాపులు. బాటకు అటొకటి, ఇటొకటి జంటగా కడతారు. ఒకే పులికి కుడి పక్క చారలు ఎడమ పక్కవాటిలా ఉండవు మరి! ఏ రెండు పులుల చారలూ కలవవు. ఆ సంగతి తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆ జాడనే ఫొటో తీసుకున్నాను. అంతలో లోయలో కణుజు అరిచింది. ఇంజన్ ఆపేశారు. ఎవ్వరం మాట్లాడలేదు.