చీర మీద బూట్లా? నవ్వకండి!

కాజీపేట నుంచి బల్హార్షా వైపు రైలెక్కితే జమ్మికుంట వస్తుంది. దసరా దాటాక ఓసారి వెళ్ళి చూడండి, మార్కెట్ యార్డు నిండా పత్తే! బండ్లు, బస్తాలు, పొద్దంతా నిలబడి పనిచేసే ఆడవాళ్ళు. యార్డంతా చూద్దామని మా అక్కతో బయల్దేరిన నేను పావుగంటకే ఓ బస్తా మీద కూలబడ్డాను. మడమ నొప్పి! ఆర్నెల్లుగా పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు గుచ్చుకున్నట్టుండేది.

"నీ చెప్పులు జూడు చెల్లె, అప్పడం లెక్క అరిగినయి" అంది అక్క.

సాయంత్రమే దుకాణానికి లాక్కెళ్ళింది. మంచిదే అయింది. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి, అప్పుడు సరిపోయిన జోడే సరైనది. రెండు పాదాలూ ఒక్క కొలతలో ఉండవు కదా, పెద్దదానికి సరిపడేవే కొనండి. నిలబడితే వేళ్ళ ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. బూటు చేత్తో వంచితే వేళ్ళ మొదట్లో వంగాలి, నడుమ మడత పడితే వద్దు. మడమ చుట్టూ గట్టిగా ఉండాలి. "వాడగా వాడగా వదులవుతాయమ్మా" అంటే మాత్రం నమ్మకండి! షుగరున్నవాళ్ళు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి చూసుకోవాలి, స్పర్శ తగ్గిన కాలికి రాయి ఉన్నా తెలియదు.

చీర మీద బూట్లు చూసి అక్కా వాళ్ళ వీధిలో పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. నొప్పి ఒక్కరోజులో పోలేదు లెండి. పిక్కలు సాగదీసే వ్యాయామం చేస్తూ రెండు నెలలు ఓపిక పట్టాను. కానీ మర్నాడు యార్డు చివరిదాకా నడిచాను, మధ్యలో రెండుసార్లు కూర్చుని.