రెండు మగజులా, నాలుగా?

మా వాడికి పదిహేనేళ్లు. పోయిన రంజాన్ నుంచీ వాడిది ఒకటే జిద్దు: "అబ్బా, గేమింగ్ పీసీ." ఆ మాట వింటేనే వాడి దాదీకి కోపం. "పఢాయీకైతే కొనివ్వు, ఖేల్‌కూద్‌కి కంప్యూటరేందిరా?" అంటుంది అమ్మీ. నా ఫికర్ వేరే. ట్యూషన్ అయ్యాక వాడు గల్లీ చివరి గేమింగ్ కెఫేలో కూర్చుంటున్నాడు. అద్దాలకు నల్ల పరదాలు, గంటకింత అని పైసలు. ఇషాకి మస్జిద్‌లో కనపడాల్సిన పిల్లాడు పదిన్నరకి ఇంటికొస్తున్నాడు. అదేదో మా హాల్లోనే, అందరి కళ్లముందే ఆడుకోనీ అని మా బేగం, నేను మష్వరా చేసుకున్నాం. ఆమె చిట్టీ ఎత్తింది. వాడి ఈదీ, వాడి ఆపా ఈదీ కలిపితే 18 వేలయ్యాయి. మానిటర్, కీబోర్డు లాక్‌డౌన్ నాటివి ఉన్నాయి. కొనాల్సింది డబ్బా ఒక్కటే.

ఈదీలో వాటా ఉంది కనుక బిడ్డకీ హక్కుంది. ఇంటర్ ఎంపీసీ చదువుతోంది, వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటోంది. "భయ్యా ఆడుకోవడానికే కాదు, నాకూ పనికిరావాలి" అని ముందే చెప్పేసింది.

హైదరాబాద్‌లో కంప్యూటర్ అనగానే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ పేరు చెబుతారు. నాకు మాత్రం అబిడ్స్, నాంపల్లి అలవాటు. ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పుడు నా సగం పుస్తకాలు అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీదే దొరికాయి. తర్వాత రిపోర్టర్‌గా జీపీవో నుంచి నాంపల్లి స్టేషన్ దాకా ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. నిజాం సర్కారులో పెద్ద ఓహదాలో ఉండి, గొప్ప కితాబులు రాసిన మౌల్వీ చిరాగ్ అలీ పేరు ఆ మధ్య గల్లీకి ఉంది. ఆ సంగతి గల్లీలో వ్యాపారం చేసేవాళ్లలో ఎందరికి తెలుసో.

ఆ దారుల్లో ఒక మెట్ల పైనున్న చిన్న దుకాణానికి వెళ్లాం. పేరు రాయను. ఆఫీసులు మార్చేసిన పాత డెస్క్‌టాప్‌లు తుడిచి అమ్ముతారు. మా బడ్జెట్‌లో గేమింగ్‌కి కొత్తది రాదు, ఇదొక్కటే రాస్తా. దుకాణదార్ రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి 9,500, ఇంకోటి 13,500. "దోనో ఐ3 హై భాయ్‌సాబ్. ఫరక్ కుఛ్ నహీ" అన్నాడు.

ఫరక్ ఉంది. మొదటి దాంట్లో ఐ3-7100. రెండో దాంట్లో ఐ3-8100. రెండూ 2017లో వచ్చినవే, రెండింటి మీదా ఐ3 అనే రాసి ఉంటుంది. కానీ 7100లో కోర్లు రెండు, 8100లో నాలుగు. ఇంటెల్ వాళ్లు ఆ ఏడాది చివర్లో ఐ3 పేరు అలాగే ఉంచి లోపలి సరుకు మార్చేశారు.

కోర్ అంటే ఉర్దూ మీడియం బుర్రకి వెంటనే తట్టేది మగజ్. మెదడూ అదే, గింజ లోపలి పప్పూ అదే. తెలుగు డిగ్రీ ఈ విషయంలో నాకేం సాయం చేయలేదు. గర్భమా, గుజ్జా, బెండా? ఏదీ అతకలేదు. మగజ్ అనే అనుకుందాం.

మగజులు ఎక్కువైతే పని అంత తొందరగా అవుతుందా? రంజాన్‌లో హలీమ్ దేగ్ దగ్గర ఎప్పుడైనా నిలబడి చూడండి. ఇద్దరు ఘోటా కొడుతుంటారు. నలుగురు కొడితే చేతులకు తేలిక. కానీ గోష్త్ ఉడకడానికి పట్టే టైం మాత్రం తగ్గదు. పనిలో పంచుకోలేని భాగం ఎంతో, అక్కడే బండి ఆగుతుందని జీన్ అమ్డాల్ అనే ఇంజనీర్ 1967లోనే లెక్కగట్టి చెప్పాడు. పాత గేమ్‌లు ఈ ఉడకడం లాంటివి. పని చాలావరకు ఒకే మగజ్ మీద పడేది. అందుకే 2008లో 3 గిగాహెర్ట్జ్ కోర్ 2 డుయో ఈ8400 కొన్నవాళ్లు, 2.4 గిగాహెర్ట్జ్ కోర్ 2 క్వాడ్ క్యూ6600 కొన్నవాళ్లను చూసి నవ్వేవాళ్లు. ఆనాటి చాలా గేమ్‌లలో ఆ రెండు కోర్లదే పైచేయి.

తర్వాత గేమ్‌లు మారాయి. 2014లో ఫార్ క్రై 4 వచ్చినప్పుడు, రెండు కోర్లు రెండే థ్రెడ్లు ఉన్న మెషీన్లలో అసలు మొదలే కాలేదు. 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5, కనీసం కావాల్సిన ప్రాసెసర్‌గా ఆ నవ్వులపాలైన క్యూ6600నే అడిగింది. (ఆ గేమ్ మా ఇంట్లో నడవదు, అది వేరే బహస్.) మా వాడు ఆడే వాలరెంట్ 2020లో వచ్చినా కనీసానికి ఈ8400 చాలంది. కౌంటర్ స్ట్రైక్ 2 మాత్రం నాలుగు థ్రెడ్లు కావాలంటుంది. కాబట్టి ఎన్ని కోర్లు అని అడిగే ముందు ఏ గేమ్ అని అడగాలి.

దుకాణదార్ హుషార్ మనిషి. 7100 డబ్బా ఆన్ చేసి, టాస్క్ మేనేజర్ తెరిచి, నాలుగు గళ్ల గ్రాఫ్ చూపించాడు. "దేఖో, చార్ కోర్!" మా వాడి మొహం వెలిగిపోయింది. నేను విలేకరిని. చూపించిందే చూడటం నా పేషా కాదు. అదే పేజీలో కింద చూడమన్నాను. కోర్స్: 2. లాజికల్ ప్రాసెసర్స్: 4. ఒకే బావర్చీకి రెండు పొయ్యిలు అప్పజెప్పడం లాంటిది అది. ఒక గిన్నె మగ్గుతుంటే ఇంకోటి కలుపుతాడు. ఫాయిదా ఉంది. కానీ బావర్చీలు ఇద్దరే, నలుగురు కారు. రెండో డబ్బాలో చూస్తే కోర్స్: 4, లాజికల్ ప్రాసెసర్స్: 4.

"లేకిన్ స్పీడ్ దేఖో సాబ్, ఇస్మే 3.9, ఉస్మే 3.6" అన్నాడు. నిజమే. ఒక్క మగజ్ మీద నడిచే పనిలో 7100 కాస్త ముందుంటుంది కూడా.

అసలు కష్టం ఇక్కడ వచ్చింది. 7100 తీసుకుంటే మిగిలిన పైసల్లో సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు వస్తుంది. అది 75 వాట్లతో నడిచే కార్డు. వేరే కరెంటు తీగ అక్కర్లేని మోడల్ దొరికితే ఇలాంటి ఆఫీసు డబ్బాల్లోనూ పనిచేస్తుంది. 8100 తీసుకుంటే కార్డుకి పైసలుండవు. గేమ్ బొమ్మ బాగుండాలంటే ప్రాసెసర్ కంటే కార్డే ముఖ్యమని నాకూ తెలుసు, వాడికీ తెలుసు. "అబ్బా, కార్డ్ లేకుండా గేమింగ్ పీసీ ఏంది? దోస్తులు నవ్వుతారు" అన్నాడు చిన్న గొంతుతో. నా భయం వాడి దోస్తుల నవ్వు కాదు. ఇంట్లో మెషీన్ నచ్చకపోతే మళ్లీ నల్ల పరదాల వెనక్కే పోతాడు.

అయినా 8100 అన్నాను. కార్డు ఎప్పుడైనా కొనొచ్చు, స్క్రూ విప్పి పెడితే అయిపోతుంది. ప్రాసెసర్ అలా కాదు. "బాద్‌మే బదల్ లేనా" అని దుకాణదార్ అన్నాడు కానీ, రెండింటి సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151 అయినా 7100 ఉన్న ఆ పాత బోర్డు మీద 8100 నడవదు. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 లిస్టులో 8100కి జగా ఉంది, 7100కి లేదు. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండాలి. ఆ రెండూ దుకాణంలోనే బయోస్‌లో ఆన్ చేయించాను.

ఇంకో మాట. వాడు గేమ్ ఒక్కటే నడపడు. వెనకాల దోస్తులతో వాయిస్ చాట్, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కో బొమ్మకి 17 మిల్లీ సెకన్లు కూడా లేవు. రెండు మగజులూ ఆ హడావిడిలో ఉంటే బొమ్మ అటకుతుంది. సగటు లెక్కలో ఇది కనపడదు, ఆడేవాడికి కనపడుతుంది. బిడ్డ వీడియో ఎక్స్‌పోర్ట్ కొడితే నాలుగు కోర్లూ పనిలో దిగుతాయి. అక్కడ హలీమ్ సూత్రం లేదు, ఎంతమంది ఉంటే అంత తొందర.

బేరం చేస్తే 13 వేలకి ఒప్పుకున్నాడు. బిల్లు మీద ఉత్త ఐ3 అని రాయబోతే ఆపి, 8100 అని పూర్తి నంబర్ రాయించాను. ఇంకో 8 జీబీ ర్యామ్ కూడా వేయించాను. విడి కార్డు లేని మెషీన్‌లో గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌నే వాడుకుంటుంది కనుక జోడీ ర్యామ్ అక్కరకొస్తుంది. నాంపల్లి స్టేషన్ దాకా మా వాడు మాట్లాడలేదు. నుమాయిష్ మైదానం ముందు ఆటో ఆగినప్పుడు, చిన్నప్పుడు అక్కడ కొనిచ్చిన ప్లాస్టిక్ వీడియో గేమ్ గుర్తు చేశాను. "వో తో ఏక్ దిన్‌మే టూట్ గయా" అన్నాడు. అంతే, మళ్లీ చుప్.

మూడు వారాలైంది. వాలరెంట్ తక్కువ సెట్టింగుల్లో అటకకుండా నడుస్తోంది. కెఫేకి రెండుసార్లు వెళ్లాడు, రెండుసార్లూ అడిగి వెళ్లాడు. బిడ్డ టైం కోసం రోజూ ఝగడా, అందుకని గోడకి పట్టీ రాసి అంటించాం. అసర్ తర్వాత అరగంట అమ్మీది. మక్కా హరమ్ లైవ్ పెద్ద తెర మీద చూస్తుంది, అప్పుడు వాడే పెట్టిస్తాడు. కార్డు కోసం పెట్టిన డబ్బాలో ఇప్పటికి 2,300 ఉన్నాయి. వాడు మామూల ఈదీ లెక్కలేసుకుంటున్నాడు.