మా మామూ బండి

స్పోర్ట్స్ కారు సస్పెన్షన్, యాక్సిల్ తెచ్చి పాత జీపుకి బిగించే వీడియోలంటే మా క్లాసులో అందరికీ ఇష్టం. నాకు మాత్రం మా మామూ స్కూటరే ఇష్టం. పోలియో వల్ల ఆయన కాలు నేల మీద ఆన్చి బండి ఆపలేరు. అందుకే వెనక అటూ ఇటూ రెండు చక్రాలు, వాటికి వేరే యాక్సిల్, స్ప్రింగులు పెట్టించారు. ఇలాంటి బండి మలుపులో పక్కకి ఒరగదు, స్పీడుగా తిప్పితే బోల్తా పడుతుంది. అందుకే యానాం–ఎదుర్లంక వంతెన దిగి మలుపు తిరిగేటప్పుడు మామూ బాగా నెమ్మదిస్తారు.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. దివ్యాంగుల కోసమైతే అనుమతి తీసుకుని మార్చుకోవచ్చు. మామూ ఆర్.సి.లో ఆ మార్పు రాసి ఉంది. ఇదివరకు మసీదుకైనా, మార్కెట్‌కైనా ఆయన్ని ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. ఇప్పుడు నన్ను ట్యూషన్‌కి దింపేది ఆయనే.