వెనక వరసలో కూర్చున్న మనిషి

మా ఇంట్లో మృదంగం అన్నయ్యది. వారానికి రెండుసార్లు మాస్టారొచ్చి వరండాలో చాప మీద కూర్చుని పాఠం చెప్పేవారు. నేను తలుపు వెనక నిలబడి ఆ పాఠాన్ని తొడల మీద వాయించుకునేదాన్ని. నాకూ నేర్పమని అడిగితే నాన్న ఏమీ అనలేదు. మాస్టారే నవ్వి, "వేళ్ళు మొరటుబారతాయమ్మా, వీణ నేర్చుకో" అన్నారు. వీణ నేర్చుకోలేదు. తాళం మాత్రం ఒంట్లో ఉండిపోయింది. ఇప్పటికీ మీటింగుల్లో బల్ల మీద నా వేళ్ళు ఆగవు.

రిటైరయ్యాక అమెరికాలో మా అమ్మాయి దగ్గర కొన్నాళ్ళున్నాను. ఒక సాయంత్రం అది "మొజాయిక్ ప్రాజెక్ట్" అనే జాజ్ ఆల్బం పెట్టింది. వింటుంటే ఉన్నట్టుండి ఏంజెలా డేవిస్ గొంతు! ఏళ్ళ తరబడి క్లాసులో ఆమె గురించి పాఠం చెప్పినదాన్ని, పాట మధ్యలో ఆమె మాట వినపడేసరికి లేచి కూర్చున్నాను. 2011లో వచ్చిన ఆ ఆల్బంలో వాయించినవాళ్ళూ పాడినవాళ్ళూ అందరూ ఆడవాళ్ళే. వాళ్ళందర్నీ కూడగట్టింది టెరి లిన్ క్యారింగ్టన్ అనే డ్రమ్మర్.

1965లో మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫర్డ్‌లో పుట్టింది. తండ్రి సాక్సోఫోన్ వాయించేవాడు. తాత ఫాట్స్ వాలర్ వంటివాళ్ళతో వాయించిన డ్రమ్మర్. ఈమె కూడా ముందు సాక్సోఫోనే పట్టిందట, పాలపళ్ళు ఊడి ఊదడం కుదరక తాత డ్రమ్ముల దగ్గరికి వచ్చిందట. అప్పటికి ఏడేళ్ళు. పదకొండేళ్ళకి బర్క్‌లీ సంగీత కళాశాల స్కాలర్‌షిప్ ఇచ్చింది. వేళ్ళు మొరటుబారతాయని ఆ ఇంట్లో ఎవరూ అనలేదన్నమాట.

జాజ్ డ్రమ్మర్ చేసే పని చూడండి. కుడిచేయి పెద్ద సింబల్ మీద కాలాన్ని నడుపుతుంది. ఎడమకాలు రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ జంట సింబళ్ళను మూస్తుంది. కుడికాలు పెద్ద డ్రమ్ము మీద, ఎడమచేయి మిగతావాళ్ళ వాయిద్యానికి జవాబులిస్తూ ఉంటుంది. పొయ్యి మీద అన్నం, చంకలో పిల్ల, చెవి వీధి తలుపు మీద పెట్టి బతికిన ఆడవాళ్ళకి ఇదేం కొత్త విద్య కాదు! అయినా ఆ పీట మగవాళ్ళదే అయింది. పైగా ఎంత బాగా వాయించినా డ్రమ్మర్ వెనక వరస మనిషి. ఆర్ట్ బ్లేకీ, మాక్స్ రోచ్‌లాంటి కొద్దిమంది మగవాళ్ళు ఆ పీట మీంచే బృందాన్ని నడిపారు. ఆడవాళ్ళకి ఆ దారి మరీ ఇరుకు.

క్యారింగ్టన్ వేన్ షార్టర్ దగ్గర, హెర్బీ హాన్‌కాక్ దగ్గర వాయించింది. 1989లో తన పేరుతో "రియల్ లైఫ్ స్టోరీ" వచ్చి గ్రామీకి నామినేట్ అయింది. తన పేరుతో తర్వాతి ఆల్బం రావడానికి 2002 దాకా పట్టింది, అదీ ఒక జర్మన్ కంపెనీ నుంచి. పదమూడేళ్ళు! ఆ మధ్యకాలం గురించి ఆమె బయోడేటాల్లో అంతా "ఎవరెవరితో వాయించింది" అనే ఉంటుంది. నాకు ఆ పదమూడేళ్ళ మీదే మనసు ఆగిపోయింది.

1962లో డ్యూక్ ఎలింగ్టన్, చార్లెస్ మింగస్, మాక్స్ రోచ్ కలిసి "మనీ జంగిల్" రికార్డు చేశారు. దాన్ని క్యారింగ్టన్ 2013లో తన పద్ధతిలో తిరగరాసింది. పియానో మీద ఒకరు, బేస్ మీద ఒకరు, ఇద్దరూ మగవాళ్ళే, నాయకత్వం డ్రమ్ముల వైపు నుంచి. 2014లో దానికి జాజ్ వాద్య ఆల్బం గ్రామీ వచ్చింది. ఆ విభాగంలో బృంద నాయకురాలిగా గెలిచిన మొదటి స్త్రీ ఆమె.

"మొదటి స్త్రీ" అనే మాట నాకూ తీపే. మా శాఖకి మొదటి మహిళా అధ్యక్షురాలినని ఎన్ని సభల్లో పరిచయం చేయించుకున్నానో. క్యారింగ్టన్ ఒక విషయం దాచుకోకుండా చెప్పింది. చిన్నప్పట్నుంచీ పెద్ద పెద్ద మగ కళాకారుల ఆదరణలో పెరిగింది కాబట్టి, తన చుట్టూ ఆడవాళ్ళు లేకపోవడం ఆమెకు చాలాకాలం తట్టనేలేదట. విద్యార్థినులు తమ అనుభవాలు చెబుతుంటే తట్టిందట. 2018లో బర్క్‌లీలో జాజ్, జెండర్ న్యాయం కోసం ఒక సంస్థనే మొదలుపెట్టింది. జాజ్ పిల్లలందరూ చూసి నేర్చుకునే బాణీల పుస్తకాల్లో ఆడవాళ్ళ రచనలు బహు అరుదని, స్త్రీలు కూర్చిన 101 బాణీలతో 2022లో కొత్త పుస్తకం తెచ్చింది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ భార్యగానే మనం విన్న లిల్ హార్డిన్ అందులో రచయిత్రిగా ఉంది.

ఆ 101 అనే అంకె చూశాక నాకు నిద్ర పట్టలేదు.

నేను అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు ఒక ఎం.ఏ. విద్యార్థిని నా గదికి వచ్చింది. "మేడమ్, ఆధునిక కవిత్వం పేపర్లో ఇరవై రెండుమంది కవులున్నారు. ఇద్దరే స్త్రీలు. సిలబస్ కమిటీలో మీరూ ఉన్నారు కదా?" అంది. "ప్రమాణం చూశామమ్మా" అన్నాను. వేళ్ళు బల్ల మీద ఆడుతూనే ఉండి ఉంటాయి. "సరే మేడమ్" అని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మా అమ్మాయి వంటింటి బల్ల దగ్గర కూర్చుని, గుర్తున్నంతవరకు కవయిత్రుల పేర్లు రాశాను. పుస్తకం తెరవకుండానే నలభై మూడయ్యాయి. ఆ విద్యార్థిని ఇప్పుడు వేరే ఊళ్ళో పాఠాలు చెబుతోంది. ఆ జాబితా ఆమెకి పంపాను. మూడోనాడు జవాబొచ్చింది.

"చాలా సంతోషం మేడమ్. వీళ్ళలో పదిహేనుమంది పేర్లు ఆ రోజు నా చేతిలోని కాగితం మీద కూడా ఉన్నాయి. మీరు అడగలేదు."