వెరోనా గెలిచిన ఏడాది

మిలాన్‌లో కాదోర్నా స్టేషన్ నుంచి లోకల్ రైలెక్కితే రెండో స్టాపు బోవిజా. ఒకప్పుడిది ఫ్యాక్టరీల పేట. పాత గ్యాస్ ట్యాంకుల ఇనుప చట్రాలు ఇప్పటికీ ఆకాశానికి ఎదురుగా నిలబడి ఉన్నాయి. వాటి చుట్టుపక్కల పాలిటెక్నిక్ యూనివర్సిటీ క్యాంపస్ వెలసింది. మిలాన్ వచ్చిన ఫుట్‌బాల్ అభిమానులు సాధారణంగా శాన్ సీరో స్టేడియానికి వెళతారు. నేను మాత్రం ముందు బోవిజాకే వచ్చాను. 1984–85లో వెరోనా అనే మధ్యతరహా ఊరికి ఇటలీ లీగ్ టైటిల్ సాధించిపెట్టిన కోచ్ ఒస్వాల్దో బాన్యోలి 1935లో పుట్టింది ఈ పేటలోనే.

ఎన్నో ఏళ్లుగా నేను మనసులో పెట్టుకున్న సీజన్ అది. బోవిజాలో మొదలుపెట్టి, టైటిల్ ఖాయమైన బెర్గమో మీదుగా, ఆ జట్టు సొంత ఊరు వెరోనా దాకా రైల్లో వెళ్లాలని బయల్దేరాను.

ఆ రోజుల్లో ఇటలీ లీగ్ ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటేనే ఆ గెలుపు బరువు తెలుస్తుంది. ఒక్కో క్లబ్బుకు ఇద్దరు విదేశీ ఆటగాళ్లనే అనుమతించేవారు. ఆ ఇద్దరి కోసం క్లబ్బులు ఎంతైనా పెట్టేవి. నాపోలికి మారడోనా, యువెంతుస్‌కు ప్లాతినీ, ఉదినేజెకు జీకో, రోమాకు ఫాల్కావ్, ఫియొరెంతీనాకు సోక్రటీస్, ఇంటర్‌కు రుమ్మెనిగె. ప్రపంచంలోని గొప్ప ఆటగాళ్లలో చాలామంది ఒకే లీగ్‌లో, ఆదివారం ఆదివారం ఎదురుపడేవారు. అలాంటి చోట వెరోనా తెచ్చుకున్నది ఇద్దరిని. ఒకరు బెల్జియం క్లబ్ లోకెరెన్ నుంచి వచ్చిన డెన్మార్క్ ఫార్వర్డ్ ప్రెబెన్ ఎల్క్యేర్. రెండో ఆయన జర్మనీ నుంచి వచ్చిన హాన్స్ పీటర్ బ్రీగెల్, ఫుట్‌బాల్‌కు ముందు డెకాథ్లాన్‌లో రాటుదేలిన దృఢకాయుడు.

బోవిజా వీధుల్లో ఓ గంట తిరిగాను. బాన్యోలి పేరుతో బోర్డు ఏదైనా కనిపిస్తుందేమోనని వెతికాను గానీ నా కంట పడలేదు. పాత కార్మికుల ఇళ్లు, లోపలి వాకిళ్లు, వాకిలి చుట్టూ పొడుగాటి వసారాలు, ఆరేసిన బట్టలు. మాట తక్కువ, పని ఎక్కువ అని ఆయన గురించి అందరూ చెప్పేదానికి ఈ పేట సరిగ్గా సరిపోయింది. యువకుడిగా మిలాన్ జట్టులో ఆడి 1956–57 టైటిల్‌లో భాగం పంచుకున్నాడు. ఆ వెంటనే వెరోనాకు ఆడాడు. కోచ్‌గా అదే వెరోనాకు 1981లో తిరిగొచ్చేసరికి జట్టు రెండో డివిజన్‌లో ఉంది. ఏడాదిలో పైకి తెచ్చాడు. 1982–83లో నాలుగో స్థానం, మరుసటి ఏడాది ఆరో స్థానం. ఆ రెండేళ్లూ ఇటలీ కప్ ఫైనల్ దాకా వెళ్లి, ఒకసారి యువెంతుస్ చేతిలో, ఒకసారి రోమా చేతిలో ఓడిపోయారు. అంటే 1984 సెప్టెంబర్ నాటికి ఈ జట్టు వయసు మూడేళ్లు. ఆకాశం నుంచి ఊడిపడింది కాదు.

మధ్యాహ్నానికి మిలాన్ సెంట్రల్ నుంచి బెర్గమో చేరాను. ఊరు రెండంతస్తులు. కింద స్టేషన్, బ్యాంకులు, బస్సులు. పైన కొండ మీద వెనిస్ పాలకులు కట్టించిన రాతి కోట గోడల మధ్య పాత ఊరు. అందరూ ఫ్యూనిక్యులర్ అనే కొండ రైలెక్కి పైకి పోతుంటే నేను కింది ఊళ్లోనే అతలాంతా జట్టు స్టేడియం దారి పట్టాను. ఈమధ్య దాన్ని బాగా తిరగగట్టారు. కొత్త స్టాండ్లు ఇళ్ల మధ్య నుంచి ఒక్కసారిగా పైకి లేచి కనిపిస్తాయి. చుట్టూ అపార్ట్‌మెంట్లు, సైకిళ్లు, ఓ బేకరీ.

1985 మే 12న వెరోనా ఇక్కడికి వచ్చింది. లీగ్‌లో ఇంకా రెండు మ్యాచ్‌లే ఉన్నాయి. ఈ మ్యాచ్‌లో ఒక్క పాయింట్ దొరికితే చాలు, టైటిల్ వాళ్లదే. గెలుపుకు రెండు పాయింట్లు, డ్రాకు ఒకటి లెక్కగట్టే కాలమది. మొదటి సగంలో అతలాంతా తరఫున పెరీకో గోల్ కొట్టాడు. రెండో సగంలో ఎల్క్యేర్ సమం చేశాడు. 1–1. విజిల్ మోగింది. ఇటలీ చాంపియన్ వెరోనా. స్టేడియం గోడ వెంట నడుస్తుంటే నాకు ఆ 1–1 స్కోరే పదే పదే గుర్తొచ్చింది. అట్టహాసంగా అయిదు గోల్స్ కొట్టి గెలిచిన టైటిల్ కాదది. వెనకబడ్డాక కంగారు పడకుండా కావలసిన ఒక్క పాయింట్‌ను తెచ్చుకున్న టైటిల్. బాన్యోలి నేర్పిన ఆటంతా ఆ తొంభై నిమిషాల్లోనే ఉంది.

అలాగని ఆ జట్టుకు గోల్స్ కొట్టడం రాదనుకోకూడదు. ఫిబ్రవరిలో ఉదినేజె మైదానంలో 3–0 ఆధిక్యం చేజారి 3–3 అయింది. ఇంకో జట్టయితే అక్కడ కూలిపోయేది. వెరోనా మరో రెండు కొట్టి 5–3తో గెలిచింది. ఆ సీజన్‌ను మలుపు తిప్పిన మ్యాచ్ ఏదని అడిగితే నా ఓటు దానికే.

బెర్గమో నుంచి బ్రెష్యా దాకా ప్యాసింజర్ రైలు. అక్కడ మారి వెరోనా బండి పట్టుకున్నాను. మొక్కజొన్న చేలు, చిన్న చిన్న ఫ్యాక్టరీలు, పాల డెయిరీలు. దెసెంజానో దగ్గర ఎడమ చేతి కిటికీలోంచి గార్డా సరస్సు కనిపించింది, దాని వెనక కొండలు. ఆ మే నెల ఆదివారం పసుపు, నీలం జెండాలు పట్టుకుని వెరోనా అభిమానులు ఈ దారినే తిరిగి వెళ్లి ఉంటారు. వాళ్ల ఆనందాన్ని ఊహించుకుంటూనే, ఈ సీజన్ పేరెత్తితే చాలు ఎవరో ఒకరు లేవనెత్తే ప్రశ్న గురించి ఆలోచించాను.

అది రిఫరీల సంగతి. 1980లో మ్యాచ్ ఫిక్సింగ్ కుంభకోణం బయటపడి మిలాన్, లాజియో లాంటి క్లబ్బులను కింది డివిజన్‌కు దించారు. నమ్మకం దెబ్బతిన్న కాలమది. 1984–85లో ఏ మ్యాచ్‌కు ఏ రిఫరీ అన్నది అధికారులు నిర్ణయించకుండా, పూర్తిగా చీటీలు తీసి తేల్చారు. ఆ ఏడే వెరోనా గెలిచింది. తర్వాత ఆ పద్ధతిని పక్కన పెట్టేశారు. అందుకని రెండు రకాల మాటలు పుట్టాయి. పెద్ద క్లబ్బులకు రిఫరీల దన్ను లేనప్పుడే చిన్న జట్టు గెలవగలదని కొందరు. చీటీల గందరగోళంలో వెరోనాకు అదృష్టం కలిసొచ్చిందని ఇంకొందరు.

మొదటి మాటలో కొంత నిజం ఉండొచ్చు. రెండోది నేను ఒప్పుకోను. చీటీ అందరికీ ఒక్కటే. చీటీలు లేని ముందు రెండేళ్లలో కూడా ఈ జట్టు నాలుగు, ఆరు స్థానాల్లో నిలిచింది. ఇక ఆ సీజన్ లెక్క చూడండి. 30 మ్యాచ్‌ల్లో 15 గెలుపులు, 13 డ్రాలు, రెండే ఓటములు. కొట్టిన గోల్స్ 42, ఇచ్చినవి 19. పాయింట్లు 43, రెండో స్థానంలో ఉన్న తొరీనోకు 39. మొదటి వారం నుంచి చివరి వారం దాకా పై స్థానం వదల్లేదు. అదృష్టం ఒక ఆదివారం కలిసి రావచ్చు, ముప్ఫై వారాలు రాదు.

వెరోనా పోర్తా నువోవా స్టేషన్‌లో దిగినవాళ్లు దాదాపు అందరూ రోమన్ల కాలం నాటి అరేనా వైపు, జూలియట్ ఇంటి వైపు వెళతారు. నేను పడమటి దిక్కుకు తిరిగాను. కొద్ది దూరం నడిస్తే మర్కాంతోనియో బెంతెగోది స్టేడియం. 1963లో తెరిచారు. 1990 ప్రపంచ కప్ కోసం పై అంతస్తు, పైకప్పు జోడించారు. దూరం నుంచి చూస్తే కాంక్రీటు పళ్లెంలా ఉంటుంది. ఆ రోజు మ్యాచ్ లేదు. గేట్లు మూసి ఉన్నాయి. గోడల నిండా పసుపు, నీలం రంగుల రాతలు.

ఈ క్లబ్బు పుట్టుక కూడా ముచ్చటైనదే. 1903లో ఇక్కడి మఫెయీ హైస్కూల్ విద్యార్థులు జట్టు కట్టారు. వాళ్ల గ్రీకు పంతులు సూచన మీద హెల్లాస్ అని పేరు పెట్టుకున్నారు. ఆ బడిపిల్లల జట్టే 1984 సెప్టెంబర్ 16న ఇటలీ లీగ్‌లో మారడోనా మొదటి మ్యాచ్‌కు ఆతిథ్యం ఇచ్చింది. దేశమంతా మారడోనాను చూడ్డానికి కూర్చుంటే, బాన్యోలి అతని మీదకు బ్రీగెల్‌ను వదిలాడు. బ్రీగెల్ అతన్ని కట్టడి చేయడమే కాదు, తనే ఒక గోల్ కొట్టాడు. గాల్దెరీజి, ది జెన్నారో చెరొకటి. నాపోలికి బెర్తోని ఒక్కటి. 3–1.

స్టేడియం ఎదుటి వీధిలో చిన్న కాఫీ బార్ ఉంటే లోపలికి వెళ్లాను. కాఫీ యంత్రం పక్క గోడ మీద నల్ల ఫ్రేములో ఆ ఏటి జట్టు ఫొటో. ఎండకు పసుపు వెలిసి మీగడ రంగుకు దిగింది, నీలం బూడిద రంగైంది. నేను దాని ముందే నిలబడి ఉండటం చూసి, మూల కుర్చీలో పేపరు చదువుతున్న పెద్దాయన లేచొచ్చారు. ఏ దేశమని అడిగారు. ఇండియా అన్నాను. 

“మరి వీళ్లు మీకెలా తెలుసు?”

“చిన్నప్పటి నుంచీ చదువుకున్నానండీ. మీరు చూశారా వీళ్ల ఆట?”

ఆయన జవాబు చెప్పలేదు. కళ్లద్దాలు పైకి తోసుకుని ఫొటో అద్దం మీద వేలు పెట్టారు. ఒక్కో మొహం దగ్గర ఆగుతూ, నాకొచ్చిన కాస్త ఇటాలియన్‌కు అందేలా, నెమ్మదిగా చెప్పారు. ఇతను ఫాన్నా, యువెంతుస్‌లో కుదురుకోలేకపోయాడు. గాల్దెరీజి, ఇతనూ యువెంతుస్ వదులుకున్నవాడే. ది జెన్నారో, ఫియొరెంతీనా పంపేసింది. కెప్టెన్ త్రిచెల్లా, ఇంటర్ అట్టిపెట్టుకోలేదు. గోల్‌కీపర్ గరెల్లా దగ్గర వేలు ఎక్కువసేపు నిలిచింది. లాజియోలో ఉండగా తప్పులు చేశాడని దేశమంతా ఎగతాళి చేసిన మనిషి. ఇక్కడ కాళ్లతో, మోకాళ్లతో, ఏది అందితే దానితో బంతిని ఆపాడు. తర్వాత నాపోలికి వెళ్లి 1987లో అక్కడా టైటిల్ గెలిచాడు. వోల్పాతి దగ్గర ఆయన మొహం వెలిగింది. ఆడుతూనే వైద్యం చదివి దంతవైద్యుడైన డిఫెండర్ అతను.

ఆఖర్న ఎల్క్యేర్. పెద్దాయన వేలు తీసేసి, కుడి బూటులోంచి మడమ బయటికి లాగి చూపించారు. ఏ గోల్ గురించో నాకు అర్థమైంది. 1984 అక్టోబర్ 14, ఇదే మైదానం, ఎదురుగా యువెంతుస్. ఎడమ అంచు వెంట బంతితో దూసుకుపోతున్న ఎల్క్యేర్‌ను డిఫెండర్ పియోలి కాలు అడ్డం పెట్టి ఆపబోయాడు. కుడి బూటు ఊడిపోయింది. ఎల్క్యేర్ ఆగలేదు. పెనాల్టీ ఏరియాలోకి చొచ్చుకెళ్లి, మేజోడు మాత్రమే ఉన్న ఆ కుడి కాలితోనే బంతిని గోల్‌కీపర్ తక్కోనిని దాటించి వలలోకి కొట్టాడు. 2–0. ఎక్కడ నుంచి చూశారని అడిగాను. స్టేడియం దక్షిణపు వంపు వైపు చెయ్యి చూపించారు.

ఈ స్టేడియం గురించి ఇంకో నిజం కూడా రాయాలి. నల్ల ఆటగాళ్లను అవమానించే అరుపులు ఇక్కడి స్టాండ్ల నుంచి చాలాసార్లు వినిపించాయి. 2019 నవంబర్‌లో బ్రెష్యా తరఫున ఇక్కడ ఆడుతున్న మారియో బాలొటెల్లి ఆ అరుపులు భరించలేక బంతిని ప్రేక్షకుల్లోకి తన్నాడు. మ్యాచ్ కాసేపు ఆగిపోయింది. పెద్ద క్లబ్బులు వద్దన్న ఆటగాళ్లను అక్కున చేర్చుకుని చాంపియన్ అయిన ఊరికి ఇది తగని పని. ఈ జట్టును ప్రేమించేవాళ్లే ఆ మాట ముందు చెప్పాలి. బార్‌లో పెద్దాయన్ను ఈ సంగతీ అడిగాను. “ఆ అరిచేవాళ్లకు ఈ ఫొటోలో ఒక్కడి పేరూ తెలియదు,” అన్నారు, కోపంగా.

సాయంత్రం పియాత్సా బ్రా చౌకుకు నడిచాను. అరేనా రాళ్ల మీద ఎండ ఇంకా ఉంది. ఆ సీజన్ ముగింపు గుర్తొచ్చింది. 1985 మే 19న చివరి మ్యాచ్‌లో అవెల్లీనోను 4–2తో ఓడించి వెరోనా సీజన్ ముగించింది. పది రోజులకు, మే 29న, బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో యువెంతుస్–లివర్‌పూల్ యూరోపియన్ కప్ ఫైనల్‌కు ముందు 39 మంది ప్రాణాలు కోల్పోయారు. యూరప్ ఫుట్‌బాల్ చరిత్రలో ఆ ఏడాది పేరెత్తితే ముందు గుర్తొచ్చేది ఆ విషాదమే, గుర్తుండాలి కూడా. వెరోనా ఆనందం దాని నీడలో పడిపోయింది. మరుసటి సీజన్ యూరోపియన్ కప్‌లో వెరోనా గ్రీసు జట్టు పావోక్‌ను దాటింది గానీ, ప్రేక్షకులను రానివ్వని ఖాళీ స్టేడియంలో యువెంతుస్ చేతిలో ఓడింది. ఆ రోజు రిఫరీ నిర్ణయాల మీద ఊరి కోపం ఇంకా చల్లారలేదు. 1990లో జట్టు రెండో డివిజన్‌కు జారింది, బాన్యోలి తొమ్మిదేళ్ల కాలమూ ముగిసింది. 1991లో క్లబ్బు దివాలా తీసింది. 2007లో మూడో డివిజన్ దాకా పడిపోయి, మళ్లీ లేచింది.

ఇటలీలో అన్ని జట్లూ ఒకే లీగ్‌లో ఆడే పద్ధతి 1929లో మొదలైంది. అప్పటి నుంచి టైటిల్ గెలిచిన క్లబ్బులన్నీ ఏదో ఒక ప్రాంతీయ రాజధానివే. రోమ్, మిలాన్, తూరిన్, నాపోలి, ఫ్లోరెన్స్, బొలోన్యా, జెనోవా, కాల్యారి. ఒక్క వెరోనాయే మినహాయింపు, దాని ప్రాంతానికి రాజధాని వెనిస్. డబ్బు, అధికారం, పత్రికలు అన్నీ పెద్ద నగరాల్లో పోగుపడిన దేశంలో ఇది చిన్న విషయం కాదు. ఇతరులు వద్దన్న మనుషుల్లో ఏముందో ఓపికగా చూసిన కోచ్, మూడేళ్లుగా కట్టుకుంటూ వచ్చిన జట్టు, కోచ్‌ను మార్చని యాజమాన్యం. ఈ మూడూ కలిస్తేనే అది సాధ్యమైంది. చీటీలు సాధించింది కాదు.

వెరోనా వెళ్లే తెలుగువారికి ఒక మాట. జూలియట్ బాల్కనీ తప్పక చూడండి. అది 20వ శతాబ్దంలో అమర్చిన బాల్కనీ, ఆ కథ కల్పన. ఫొటో తీసుకున్నాక ఓ అరగంట నడిచి బెంతెగోది దాకా కూడా వెళ్లండి. అక్కడ జరిగింది మాత్రం కల్పన కాదు.