పావు చుట్టు తేడా

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్లు తెచ్చే చుక్క వ్యాసం ఎంతో తెలుసా? అర మిల్లీమీటరు. బాల్‌పెన్ను కొసతో కాగితం మీద చుక్క పెడితే దాదాపు అంతే ఉంటుంది. నాలుగైదు కిలోల తుపాకీని భుజానికి ఆనించుకుని, నిలబడి, ఆ చుక్కకు పెల్లెట్ తాకేలా కొట్టాలి. ఒకసారి కాదు, అరవైసార్లు. అదీ గంటా పదిహేను నిమిషాల్లో. ఈ ఆటలో సొంత గుండె చప్పుడు కూడా శత్రువే. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచాక, 2012లో లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చాక, ఈ ఆట పేరు మామూలు ఇళ్లలోనూ వినబడింది. పిల్లల వెనకే వాళ్ల అమ్మానాన్నలూ రేంజి మెట్లెక్కారు.

అలా ఎక్కిన ఒక నాన్న ఆర్టీసీ డిపో గ్యారేజీలో మెకానిక్. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. సొసైటీలో లోను తీసి, సెకండ్ హ్యాండ్‌లో ఓ జర్మనీ రైఫిల్ కొనిచ్చారు. చెక్క స్టాకుది. కొత్తదైతే లక్షల్లో మాట. మొదటి ఏడాది బాగానే సాగింది. రాష్ట్ర పోటీలు రెండు నెలలున్నాయనగా షాట్లు చెదరడం మొదలైంది. ఒక్కచోట గుత్తిగా పడాల్సినవి ఓసారి పైకి, ఓసారి ఎడమకు పోయేవి. సైట్ తిప్పి సరిచేస్తే ఓ పది షాట్లు బాగా పడేవి. తర్వాత మళ్లీ మామూలే.

ఇలాంటప్పుడు షూటరు ముందు అనుమానించేది తననే. కోచ్‌లు నేర్పే మొదటి పాఠమూ అదే, తుపాకీ మీద నెపం పెట్టొద్దని. మంచి పాఠమే. ఆడలేక మద్దెల ఓడు అనే పిల్లలకు అంతకన్నా మందు లేదు. కాకపోతే దాంతో ఓ చిక్కుంది. నిజంగా మద్దెలే ఓడైనప్పుడు దానివైపు ఎవరూ చూడరు! బీజింగ్ ఫైనల్‌కు ముందు సన్నాహక షాట్ మరీ పక్కకు పోతే బింద్రా తనను తాను తిట్టుకుంటూ కూర్చోలేదు. సైట్ సరిచేసుకుని బరిలోకి దిగారు. ఆ సంగతి ఆయన ఆత్మకథలోనే ఉంది. పదిహేడేళ్ల పిల్లకు అంత ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది? నిలబడే తీరు మార్చుకుంది. ఊపిరి బిగబట్టే తీరు మార్చుకుంది. కాఫీ మానేసింది. రాత్రి తొమ్మిదికే పడుకునేది. స్కోరు మాత్రం మారలేదు.

"నాకీ ఆట రాదేమో నాన్నా. నీ లోను డబ్బులు దండగ చేశాను" అంది ఓ రాత్రి అన్నం కలుపుతూ.

ఆయనకు షూటింగ్ గురించి ఒక్క ముక్క తెలీదు. తెలిసిందల్లా నట్లూ బోల్టులే. "ఓసారి దాన్ని ఇటు పట్రా తల్లీ" అన్నారు. లోపల పెల్లెట్ లేదని కూతురు చూపించాక, గొట్టం వైపు భాగాన్ని ఒక చేత్తో, చెక్కను ఇంకో చేత్తో పట్టుకున్నారు. రెండూ కలిసేచోట బొటనవేలి గోరు ఆనించి మెల్లగా కదిపారు. బస్సు స్టీరింగ్ జాయింట్లలో ప్లే ఉందేమో చూసేది ఇలాగేనట. కంటికి ఏమీ కనబడలేదు కానీ గోటికి తెలిసిపోయింది. వెంట్రుకవాసి కదలిక! లోహపు భాగాన్ని చెక్కకు పట్టి ఉంచే రెండు స్క్రూల్లో ఒకటి, అలెన్ కీ పెట్టి రెండు వేళ్లతో తిప్పితే పావు చుట్టు తిరిగింది.

బిగించిన స్క్రూ ఎందుకు వదులవుతుంది? సరిగ్గా బిగించలేదు కాబట్టి అంటారు అందరూ. అది సగమే నిజం. బోల్టును బిగించినప్పుడు అది రబ్బరు బ్యాండులా పిసరంత సాగుతుంది. సాగింది కనుక మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది. ఆ లాగుడే రెండు భాగాలనూ కలిపి నొక్కిపెడుతుంది. మనం పానా మీద పెట్టే బలంలో దాదాపు పదోవంతే ఆ లాగుడుగా మారుతుంది. మిగతాదంతా స్క్రూ తల కిందా, మరల మధ్యా రాపిడికే సరి. అదంతా వృథా అనుకోవద్దు. స్క్రూ వెనక్కి తిరగకుండా కాసేది ఆ రాపిడే. అయితే బిగించిన భాగాలు ఒకదాని మీద ఒకటి పక్కకు జారడం మొదలైతే రాపిడి పట్టు తప్పుతుంది. జారిన ప్రతిసారీ బోల్టు రవ్వంత వెనక్కి తిరుగుతుంది. నిలువుగా లాగే బలం కన్నా అడ్డంగా ఊపే బలమే బోల్టుకు పెద్ద ముప్పని జర్మన్ ఇంజినీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ఓ యంత్రం పెట్టి మరీ చూపించారు. నట్లూ బోల్టుల పట్టును ఇప్పటికీ ఆయన పేరున్న పరీక్షతోనే చూస్తున్నారు.

మన మెకానిక్కులు ప్రాణంగా నమ్మే స్ప్రింగ్ వాషర్‌కు ఇలాంటి పరీక్షల్లో పరువు దక్కలేదు. పూర్తిగా బిగించాక అది చదునై మామూలు వాషర్ అయిపోతుందని 1990లో నాసా అచ్చువేసిన పుస్తకం కూడా చెప్పింది. ఈ మాట చెబితే ఆ నాన్న ససేమిరా ఒప్పుకోలేదు. పాతికేళ్ల అలవాటు మరి!

చెక్కతో ఇంకో చిక్కు. వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండలకు కుదించుకుంటుంది. స్క్రూ అసలు తిరగకపోయినా దాని కింద చెక్క తగ్గితే చాలు, బిగువు పోతుంది. బిగువు పోయాక జారుడు, ఆ తర్వాత తిరుగుడు. ఎయిర్ రైఫిల్ పేలినప్పుడు వచ్చే అదురు తక్కువే. దానికన్నా రేంజికి ఆటోలో వెళ్లొచ్చే కుదుపే ఎక్కువని ఆయన లెక్క. రోడ్ల గురించి ఆర్టీసీ మనిషికి ఒకరు చెప్పాలా?

మర్నాడు ఆయన గ్యారేజీలో వాడే ఎర్ర జిగురు సీసా పట్టుకుని రేంజికి వెళ్లారు. గాలి తగులుతున్నంతసేపూ ద్రవంలా ఉండి, గాలి అందని ఇనుప మరల మధ్య గట్టిపడే జిగురు అది. అమెరికాలో వెర్నన్ క్రీబుల్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ 1953లో తయారుచేశారు. లాక్‌టైట్ అంటే మెకానిక్కులందరికీ తెలుసు. అందులో నీలం రకాన్ని మామూలు పనిముట్లతో విప్పుకోవచ్చు. ఎర్రదైతే వేడి చేస్తే గానీ వదలదు. చిన్న స్క్రూకు ఎర్రది పెడితే అలెన్ కీ దూరే గాడి అరుగుతుంది తప్ప స్క్రూ రాదు.

కోచ్ సీసా చూసి చెయ్యి అడ్డం పెట్టారు. "స్టాకు స్క్రూలకు ఏ రంగూ వద్దండీ. జిగురు స్క్రూను తిరగనివ్వదు, అంతే. చెక్క కుదించుకుంటే పోయిన బిగువును అది తెచ్చిపెట్టదు. పైగా మనల్ని మళ్లీ బిగించుకోనివ్వదు" అన్నారు. చెంప ఆనించే పలక స్క్రూలకు మాత్రం, కొలత ఖాయమయ్యాక, నూనె శుభ్రంగా తుడిచి ఒక్కో చుక్క నీలం వేయించారు. స్టాకు స్క్రూలను కంపెనీ పుస్తకంలో ఉన్న లెక్క ప్రకారం టార్క్ స్క్రూడ్రైవర్‌తో, ఇది కొంచెం అది కొంచెం చొప్పున బిగించారు. నాన్నను ముట్టుకోనివ్వలేదు. బస్సు చక్రాలు బిగించిన చేయి పడితే చెక్క నలిగిపోదూ!

ఆయన ఊరుకుంటారా? జేబులోంచి పసుపు పెయింటు తీసి స్క్రూ తల మీదుగా పక్కనున్న లోహం దాకా సన్నటి గీత గీశారు. స్క్రూ కదిలితే గీత తెగుతుంది. బస్సు చక్రాల నట్లకు చేసేదీ అదే. కోచ్‌కు ఇది తెగ నచ్చింది. అయితే చెక్క కుదించుకున్న సంగతి గీత చెప్పదు. అందుకని ఆదివారం ఆదివారం టార్క్ కూడా చూసుకోవాలని అమ్మాయికి చెప్పారు.

రాష్ట్ర పోటీల్లో ఆ అమ్మాయికి పతకం రాలేదు. పై పోటీలకు అర్హత మార్కు మాత్రం దాటింది. ఇంటికొచ్చి మళ్లీ కాఫీ తాగింది.

నాన్నకు ఆ పెయింటు డబ్బా మీద మమకారం పెరిగిపోయింది. గ్యాస్ స్టవ్ కాళ్లకు, కుట్టుమిషన్ బోల్టులకు గీతలు పడ్డాయి. సీలింగ్ ఫ్యాన్ రాడ్డు దగ్గర గీత ఒక్కటే చాలదని నిచ్చెన వేసుకుని కాటర్ పిన్ను ఉందో లేదో చూసొచ్చారు. "కుక్కరు పిడికి కూడా ఇదేం గోలండీ" అని భార్య విసుక్కున్నారు. మొన్న ఆ పిడి మీద గీత తెగిందని ముందు చూసింది మాత్రం ఆవిడే.